వచ్చింది మనవాడే, కాగితం ఎవరిది?

తెలుగు వికీపీడియాలో నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాళ్లకి ఈ చిరాకు తెలిసే ఉంటుంది. విశాఖ ఓడరేవు పేజీ తెరుస్తాం. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొట్టమొదట రేవులోకి వచ్చిందనీ, ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడనీ ఓపిగ్గా టైపు చేస్తాం. ఇంతలో ఎవరో చుట్టాలొస్తారు. టీలు, కబుర్లు, వాళ్లని బస్సెక్కించడం. తిరిగొచ్చి ప్రచురించమని మీట నొక్కితే, సెషన్ వివరాలు పోయాయి, దయచేసి మళ్లీ ప్రయత్నించండి అంటూ ఒక సందేశం. లాగిన్ అయింది నేనే, రాసింది నేనే, నొక్కింది నేనే, మళ్లీ ఈ గొడవేమిటని విసుక్కుంటాం.

దాన్ని విసుక్కోకండి. అది కాపలావాడు అడిగే ప్రశ్న. అయితే వాడు అడిగేది ‘నువ్వెవరు’ అని కాదు. అది వాడికి ముందే తెలుసు. ‘ఈ కాగితం నువ్వు నా దగ్గర తీసుకున్నదేనా’ అని అడుగుతున్నాడు. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఉన్న తేడా కంప్యూటర్లవాళ్లకి బోధపడడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ కొందరికి పూర్తిగా పట్టుబడలేదు. ఆ కొందరిలో మా మనవడొకడు.

వాడు ఇంజనీరింగు మూడో ఏడు. హాస్టల్ మెస్ మీద ఫిర్యాదులు పెట్టుకోవడానికి జాంగో అనే సాఫ్ట్‌వేరుతో చిన్న వెబ్‌సైటు కడుతున్నాడు. ఫారం నింపి పంపితే 403, సీఎస్‌ఆర్‌ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని వచ్చిందట. నెట్‌లో వెతికితే ఎవరో మహానుభావుడు ‘సీఎస్‌ఆర్‌ఎఫ్ ఎగ్జెంప్ట్’ అనే ఒక్క ముక్క ఆ కోడు నెత్తిన తగిలించమన్నాడు. తగిలించాడు. పని చేసింది.

“ఏటుంది తాతా, ఒక్క లైను. అయిపోయింది” అన్నాడు.

అయిపోలేదురా నాయనా, ఇప్పుడే మొదలైంది. కూర్చో. అమ్మడూ, నువ్వూ రా.

వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు ఉంది. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసినప్పుడు లెక్క చాలా సూటిగా ఉండేది: పేజీ అడిగావు, ఇచ్చాను, ఇంతటితో సరి. మరుక్షణం వచ్చి ఇంకో పేజీ అడిగితే నువ్వు ఇందాకటి మనిషివేనని సర్వరుకు గుర్తుండదు. పరిశోధన పత్రాలు చదువుకోవడానికి అది చాలు. సరుకులు కొనాలన్నా, బ్యాంకు లెక్క చూసుకోవాలన్నా చాలదు. అందుకని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే కుర్రాడు కుకీ అనే ఏర్పాటు చేశాడు. నువ్వు లాగిన్ కాగానే సైటు నీ బ్రౌజరుకు ఒక పొడవాటి గుర్తు ఇస్తుంది. బ్రౌజరు దాన్ని దాచుకుని, ఆ సైటుకు వెళ్లే ప్రతి అభ్యర్థనకూ తనంతట తానే జతచేస్తుంది.

‘ప్రతి’ అన్నాను, గమనించారా? నువ్వు మీట నొక్కితే పుట్టిన అభ్యర్థనకూ జతచేస్తుంది. నువ్వు పక్కన తెరిచి ఉంచిన ఇంకేదో పేజీ నీకు చెప్పకుండా పుట్టించిన అభ్యర్థనకూ జతచేస్తుంది. ఎవరు పుట్టించారన్నది బ్రౌజరు చాలాకాలం పట్టించుకోలేదు.

“వేరే పేజీ నా బ్యాంకుని ఎలా అడుగుతుంది తాతయ్యా?” అంది అమ్మడు, మా మనవరాలు.

అడగడానికి బోలెడు దారులు. అన్నిటికన్నా అమాయకమైనది బొమ్మ. 1993లో మార్క్ ఆండ్రీసన్ మొజాయిక్ బ్రౌజరులో పేజీ మధ్యలో బొమ్మలు పెట్టే సౌకర్యం తెచ్చాడు. ఆ బొమ్మ నీ సైటులోనే ఉండక్కర్లేదు, ప్రపంచంలో ఏ సైటులో ఉన్నా సరే, చిరునామా ఇస్తే బ్రౌజరు పోయి తెస్తుంది. మరి క్రికెట్ స్కోరు చూపించే పేజీలో ఎవడో ఒక బొమ్మ పెట్టి, దాని చిరునామా దగ్గర ‘ఫలానా బ్యాంకు, డబ్బు బదిలీ, ఫలానా ఖాతాకి’ అని రాశాడనుకో. బ్రౌజరుకు అది బొమ్మ కాదని తెలియదు. పరుగెత్తుకెళ్లి అడుగుతుంది. నువ్వు ఆ బ్యాంకులో లాగిన్ అయి ఉంటే కుకీ కూడా వెంట పోతుంది. బ్యాంకు కుకీ చూసుకుని, మన ఖాతాదారే కదా అని ఆజ్ఞ అమలు చేస్తుంది. తిరిగొచ్చింది బొమ్మ కాదు కాబట్టి తెర మీద ఏమీ కనపడదు. ఒక్క చుక్కంత సైజు పెట్టి ఉంటే విరిగిన బొమ్మ గుర్తు కూడా కంటికి ఆనదు.

రేవులో పనిచేసిన మనిషిని కాబట్టి నాకిది రేవు లెక్కలోనే బాగా అర్థమవుతుంది. ఏ రేవు దగ్గరైనా క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఒక కుర్రాడుంటాడు. డెలివరీ ఆర్డర్లు, గేట్ పాసులు, కస్టమ్స్ కాగితాలు అన్నీ చంకన పెట్టుకుని కౌంటరు నుంచి కౌంటరుకు తిరగడం వాడి పని. నాలుగేళ్లుగా వస్తున్నవాడు గనక గుమాస్తాలందరికీ వాడి మొహం తెలుసు. మెళ్లో గుర్తింపు కార్డుంది. ఒకరోజు బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతుంటే ఎవడో వాడి కట్టలోకి ఒక కాగితం దూర్చాడనుకోండి: ‘ఈ కంటైనరును ఫలానా లారీకి అప్పగించవలెను.’ కుర్రాడు చూడలేదు. కౌంటరు దగ్గర గుమాస్తా కుర్రాడి మొహం చూశాడు, కార్డు చూశాడు, కాగితం మీద ముద్ర కొట్టాడు. సరుకు పోయింది. కార్డు అసలుదే, కుర్రాడు నిజాయితీపరుడే, గుమాస్తా రూలు ప్రకారమే చేశాడు. ఎవరి జేబులోంచీ ఏమీ దొంగిలించకుండా దొంగతనం జరిగిపోయింది.

పాస్‌వర్డు పోలేదు. కుకీ పోలేదు. దొంగ నీ కుకీని కంటితో కూడా చూడలేదు. నీ బ్రౌజరు చేతే పని చేయించుకున్నాడు. దీనికి 2001 జూన్‌లో పీటర్ వాట్కిన్స్ అనే ఆయన క్రాస్-సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ అని పేరు పెట్టాడు. పొడి అక్షరాల్లో సీఎస్‌ఆర్‌ఎఫ్. పక్క సైటు నుంచి వచ్చి పడే దొంగ అభ్యర్థన అన్నమాట.

పేరు 2001దైనా జబ్బు వెబ్ కంటే పాతది. నార్మ్ హార్డీ అని అమెరికాలో ఒక పెద్ద కంప్యూటరు పండితుడు 1988లో చిన్న వ్యాసం రాశాడు. టైమ్‌షేర్ అనే కంపెనీలో కంపైలరు అనే ప్రోగ్రాము ఒకటి ఉండేదట. ఎవరెంత వాడుకున్నారో లెక్క రాసుకోవడానికి దానికి ఒక ప్రత్యేకమైన ఫోల్డరులో రాసే హక్కు ఇచ్చారు. బిల్లుల ఫైలు కూడా ఆ ఫోల్డరులోనే ఉండేది. ఒక వాడుకరి తన ఫలితాలు ఏ ఫైలులో రాయాలో చెప్పేచోట ఆ బిల్లుల ఫైలు పేరే ఇచ్చాడు. వాడికి ఆ ఫైలు ముట్టుకునే హక్కు లేదు, కంపైలరుకు ఉంది. అది కాస్తా బిల్లుల మీద రాసేసింది. అధికారం ఒకరిది, కోరిక ఇంకొకరిది, మధ్యలో ఉన్నవాడికి ఆ తేడా తెలియలేదు. హార్డీ దీనికి అయోమయపు ప్రతినిధి అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. భద్రత గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఆ కథే చెప్పుకుంటారు.

దొంగలే అక్కర్లేదు, ఒక్కోసారి మంచివాళ్లే కొంప ముంచుతారు. 2005 మేలో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి విడుదల చేసింది. నువ్వు చూస్తున్న పేజీలో ఉన్న లింకులన్నిటినీ అదే ముందుగా పోయి తెచ్చిపెట్టుకునేది, నువ్వు నొక్కేసరికి పేజీ టక్కున తెరుచుకోవాలని. కొన్ని సైట్లలో ‘తొలగించు’ అన్నది కూడా మామూలు లింకే. యాక్సిలరేటరు దాన్నీ తెచ్చింది. అంటే తొలగించింది. జనం రాసుకున్నవి వాళ్ల కళ్లముందే మాయమయ్యాయి. అడగడం వేరు, మార్చమనడం వేరు, మొదటిదానికి గెట్, రెండోదానికి పోస్ట్ వాడాలని వెబ్ నియమావళి 1990ల్లోనే చెప్పింది. చెప్పినా వినలేదు. ఒరే, నీ ప్రాజెక్టులో ఫిర్యాదు కొట్టేసే మీట లింకా, ఫారమా? ... సరే, తర్వాత చూద్దాం.

ఆ మరుసటేడు, 2006లో, నెట్‌ఫ్లిక్స్‌లో ఈ కన్నం బయటపడింది. అప్పట్లో వాళ్లు సినిమా డీవీడీలు పోస్టులో పంపేవారు. నువ్వు వేరే ఏదో పేజీ చూస్తుంటే నీ వరసలో నీకు తెలియని సినిమా వచ్చి చేరవచ్చు. డీవీడీలు పంపే చిరునామా కూడా మారిపోవచ్చు. నవ్వులాటగా ఉందా? 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విలియం జెల్లర్, ఎడ్వర్డ్ ఫెల్టెన్ ఇదే కన్నాన్ని ఐఎన్‌జీ డైరెక్ట్ అనే బ్యాంకులో చూపించారు. ఖాతాదారు ఒక చెడ్డ పేజీ చూస్తే చాలు, అతని ఖాతాలోంచి డబ్బు బయటికి పంపవచ్చు. యూట్యూబ్‌లోనూ, న్యూయార్క్ టైమ్స్ సైటులోనూ కూడా ఇలాంటివి పట్టుకున్నారు.

“మరి ఆపడం ఎలా?” అన్నాడు మనవడు. ఇప్పుడు కాస్త ముందుకు వంగి కూర్చున్నాడు.

ఇక్కడే ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఉంది. దొంగ పేజీ నీ బ్రౌజరు చేత బ్యాంకుకు అభ్యర్థన పంపించగలదు. కానీ బ్యాంకు ఇచ్చిన జవాబును చదవలేదు. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ నావిగేటర్ 2 వచ్చేనాటికే బ్రౌజర్లలో ఒక కట్టుబాటు పెట్టారు: ఒక సైటు నుంచి వచ్చిన ప్రోగ్రాము ఇంకో సైటు పేజీలోని విషయాన్ని తొంగి చూడకూడదు. పంపడానికి గేటు బార్లా తెరిచి ఉంది, చదవడానికి మూసి ఉంది. వెబ్ అలా ఒంటి తలుపుతో పెరిగింది. దొంగకు కలిసొచ్చింది ఆ తెరిచిన తలుపైతే, మనకు కలిసొచ్చింది ఆ మూసిన తలుపు.

రేవు కౌంటరు దగ్గర ఏం చేస్తే సరిపోతుంది? గుమాస్తా ఖాళీ ఫారం ఇచ్చేటప్పుడే దాని మీద ఎవరూ ఊహించలేని ఒక నంబరు వేసి, ఆ కుర్రాడి పేరు ఎదురుగా తన పుస్తకంలో రాసుకోవాలి. ఫారం తిరిగొచ్చినప్పుడు మొహంతో పాటు నంబరు కూడా చూడాలి. దొంగ అచ్చం అలాంటి ఫారాన్నే అచ్చు వేయించగలడు. కట్టలోకి దూర్చగలడు. కానీ గుమాస్తా కుర్రాడికి ఇచ్చిన నంబరు చూడలేడు. ఆ నంబరే టోకెన్. నీ జాంగో అడిగింది దాన్నేరా. ఫారంలో ఆ టోకెన్ కోసం ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నువ్వేమో నంబరు చూడొద్దని గుమాస్తాకే చెప్పి వచ్చావు.

తెలుగు వికీపీడియాలో ఈ నంబరు కంటితో చూడొచ్చు, పేజీ సోర్సు తెరిస్తే. వికీపీడియా నడిచేది మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు మీద. దాని కోడు మొత్తం బహిరంగం, ఎవరైనా చదువుకోవచ్చు. సవరించే పేజీ తెరిచినప్పుడు, కనపడకుండా దాగిన ఒక గడిలో 42 అక్షరాల తోక ఉంటుంది. మొదటి 32 అక్షరాలు సర్వరు నీ సెషన్ కోసం దాచుకున్న రహస్యాన్నీ, సమయాన్నీ కలిపి పిండిన సారం. సారం నుంచి రహస్యాన్ని వెనక్కి తీయలేరు. తర్వాతి 8 అక్షరాలు ఆ సమయమే: 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు, పదహారు మూలంగా రాసే లెక్కలో. చివర ఒక ప్లస్ గుర్తు, ఒక వెనక్కి వాలిన గీత. మనం చుట్టాల్ని బస్సెక్కించి వచ్చేలోపు సెషన్ ముగిసిపోతే, సర్వరు దగ్గర ఆ రహస్యం ఉండదు. తోకను సరిపోల్చలేక, మళ్లీ ప్రయత్నించండి అంటుంది. రాసింది మాత్రం పారెయ్యదు, పెట్టెలోనే ఉంచి చూపిస్తుంది. ఇంకోసారి నొక్కితే సరి.

“ఆ వాలుగీత ఎందుకు?” అమ్మడి ప్రశ్న.

ఆ వాలుగీత పరీక్ష కోసం. కొన్ని మధ్యవర్తి సర్వర్లు తమ దారిన పోయే రాతలో వాలుగీత కనిపిస్తే దాన్ని రెండు చేయడమో, తినేయడమో చేసేవి. అలాంటి సర్వరు గుండా ఒక పెద్ద వ్యాసం సవరిస్తే లోపల ఉన్న గుర్తులన్నీ చెడిపోతాయి. అందుకని టోకెన్ చివర ఒక వాలుగీత తగిలించి పంపుతారు. అది క్షేమంగా తిరిగి రాకపోతే మిగతా వ్యాసం కూడా క్షేమంగా లేదని అర్థం చేసుకుని, మార్పును మొదట్లోనే తిరస్కరిస్తారు. లాగిన్ కాకుండా రాసేవాళ్లకి చాలాకాలం టోకెన్ అంటే ఆ రెండు గుర్తులే, ముందు 40 అక్షరాలు లేవు. లాగిన్ కానివాడి దగ్గర వాడుకోవడానికి అధికారమేదీ లేదు కదా, మరి దేన్ని కాపాడాలి? ఇలాంటి ఆలోచన కనపడినప్పుడు ఆ కోడు రాసినవాళ్లని భుజం తట్టాలనిపిస్తుంది.

అంత జాగ్రత్తపడ్డవాళ్లు కూడా ఒక గుమ్మం చాలా ఏళ్లు తెరిచే ఉంచారు: లాగౌట్. మార్పులకు టోకెన్ అడిగే మీడియావికీ, బయటికి పంపమంటే మాత్రం ఏమీ అడక్కుండా పంపేసేది. ఏదో ఒక పేజీలో లాగౌట్ లింకును బొమ్మగా పెడితే, చూసినవాళ్లందరూ బయటపడతారు. నష్టమేముంది, మళ్లీ లాగిన్ అవుతారు అని ఊరుకున్నారు. 2019లో దానికీ టోకెన్ తప్పనిసరి చేశారు. నన్నడిగితే ముందే చేయాల్సింది. అల్లరికి కూడా తలుపు వేసే ఉంచాలి.

ఇప్పుడు అసలు చిక్కు. దొంగ కాగితం తయారుచేయాలంటే ఫారం ఎలా ఉంటుందో తెలియాలి, ఏ గడి పేరేమిటో, ఏ చిరునామాకు పంపాలో. ఒక బ్యాంకు సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేరులో అది తెలుసుకోవాలంటే కాస్త శ్రమ పడాలి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో ఆ శ్రమ లేదు. లక్షల సైట్లలో ఒకే ఫారం, ఒకే గడి పేర్లు, అన్నీ బహిరంగమే. దీన్ని పట్టుకుని, చూశారా, కోడు అందరికీ చూపిస్తే ఇంతే అంటారు కొందరు. నాకు ఆ వాదన మింగుడుపడదు. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే ఆయన సైన్యాల గూఢలిపుల గురించి రాస్తూ ఒక సూత్రం చెప్పాడు: యంత్రం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది ఉండకూడదు, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలి. ఫారం ఆకారాన్ని దాచి బతకాలనుకునేవాడు ఎప్పటికైనా దొరికిపోతాడు. పూటపూటకీ మారే నంబరును నమ్ముకున్నవాడికి ఫారం అందరికీ తెలిసినా ఒకటే.

అయితే ఆ నంబరును ఒక్క గుమ్మం దగ్గర అడగడం మరిచిపోతే ఓపెన్ సోర్స్‌లో దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇది మాత్రం ఒప్పుకోవాలి. పీహెచ్‌పీమైఅడ్మిన్ ఉంది కదా, డేటాబేసులోని పట్టికల్ని బ్రౌజరులోనే చూసుకుని సర్దుకునే పనిముట్టు, 1998 నుంచీ ఉన్నది, మీ కాలేజీ ల్యాబులోనూ ఉండే ఉంటుంది. 2017 డిసెంబరులో అశుతోష్ బారోట్ అనే భారతీయ పరిశోధకుడు అందులో ఒక కన్నం పట్టుకున్నాడు. నిర్వాహకుడు ఆ పనిముట్టులో లాగిన్ అయి ఉండి, ఎవరో పంపిన లింకు నొక్కితే చాలు, డేటాబేసులో ఒక పట్టిక మొత్తం ఎగిరిపోవచ్చు. పోస్ట్‌కు టోకెన్ అడుగుతున్నారు గానీ, అదే ఆజ్ఞ గెట్ రూపంలో వస్తే అడగడం లేదు. ఇందాక చెప్పిన యాక్సిలరేటరు పాఠమే, పన్నెండేళ్ల తర్వాత. 4.7.7 వెర్షనులో సరిచేశారు.

వర్డ్‌ప్రెస్ సంగతి ఇంకా గమ్మత్తు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభై దాని మీదే నడుస్తాయంటారు. ఊళ్లో చిన్న దుకాణాల సైట్ల దగ్గర్నుంచి సాహిత్య పత్రికల దాకా. దానికి 2006 నుంచీ టోకెన్లున్నాయి. కానీ పాఠకుల అభిప్రాయాలు పంపే ఫారానికి మాత్రం తనిఖీ పెట్టలేదు, పెడితే ట్రాక్‌బ్యాక్ వంటి పాత సౌకర్యాలు చెడిపోతాయని. పైగా నిర్వాహకుడి పేరుతో వచ్చిన రాతకు వడపోత కాస్త వదులుగా ఉండేది, సొంత మనిషే కదా అని. సైమన్ స్కానెల్ అనే జర్మనీ పరిశోధకుడు ఈ రెండు సడలింపుల్నీ, ఇంకో చిన్న పొరపాటునూ ముడేశాడు. నిర్వాహకుడు ఒక చెడ్డ పేజీ చూస్తే, ఆయన పేరుతో ఆయన సైటులోనే విషం కలిపిన రాత పడుతుంది. దాన్నుంచి మొత్తం సైటే చేజారిపోతుంది. 2019 మార్చిలో 5.1.1 వెర్షనులో మూసేశారు. ఏ సడలింపూ విడిగా చూస్తే పెద్ద తప్పు కాదు. అదే భయపెట్టే విషయం.

టోకెన్ ఉంటే ఇక నిశ్చింతేనా అంటే అదీ కాదు. దొంగ ప్రోగ్రాము పక్క సైటులో కాక నీ సైటు లోపలే చేరితే టోకెన్‌ను హాయిగా చదువుకుంటుంది. 2005 అక్టోబరు 4న శామీ కామ్కార్ అనే కుర్రాడు మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో అదే చేశాడు. తన పేజీ చూసినవాళ్ల చేత తనను స్నేహితుడిగా చేర్పించే ప్రోగ్రాము వదిలాడు. అది చూసినవాళ్ల పేజీల్లోకీ పాకింది. మైస్పేస్ అడిగిన రహస్య అంకెను అది ముందు పేజీలోంచి చదువుకుని, తర్వాత జతచేసి పంపింది. ఒక్క రోజు గడవకుండా పది లక్షలమంది వాడికి స్నేహితులయ్యారు. మూసిన తలుపు ఇంటి లోపల ఉన్నవాడిని ఆపదు.

“ఇంత తెలిసినప్పుడు బ్రౌజర్లే మారిపోవచ్చు కదా?” అన్నాడు వాడు.

మారాయి. ఆలస్యంగా మారాయి. కుకీ ఇచ్చేటప్పుడే సైటు ‘ఇది నా పేజీలోంచి పుట్టిన అభ్యర్థనకే జతచెయ్యి’ అని చెప్పుకునే సౌకర్యం 2016లో క్రోమ్‌లో వచ్చింది. సేమ్‌సైట్ అంటారు. చెప్పుకోమంటే ఎవరు చెప్పుకుంటారు? అందుకని 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో, ఏమీ చెప్పకపోయినా అలాగే చేస్తామన్నారు. ఇంతలో కోవిడ్ వచ్చిపడింది. ఆ సమయంలో ఆసుపత్రుల సైట్లో, ప్రభుత్వ సైట్లో చెడిపోతే ప్రమాదమని ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుని, జూలైలో మళ్లీ మొదలుపెట్టారు. కన్నం మూయడం కూడా రోగి పరిస్థితి చూసి చేయాల్సి వచ్చింది.

దానికీ చిన్న చిన్న సందులున్నాయి. ఏమీ చెప్పకుండా ఇచ్చిన కుకీ విషయంలో, పుట్టిన మొదటి రెండు నిమిషాలు క్రోమ్ కాస్త వదులుగా ఉంటుంది, కొన్ని లాగిన్ పద్ధతులు చెడిపోకుండా. ఇంకా, సైటు అంటే వాళ్ల లెక్కలో మొత్తం కుటుంబం. తెలుగు వికీపీడియా, తమిళ వికీపీడియా, ఇంగ్లీషు వికీపీడియా వేర్వేరు చిరునామాలైనా, ఆ లెక్కలో ఒకటే సైటు. ఒక పెద్ద సంస్థకు వంద ఉప-సైట్లుండి, అందులో ఎక్కడో మూల ఎవరూ పట్టించుకోని ఒకటి దొంగ చేతిలో పడితే, మిగతా తొంభైతొమ్మిదింటికీ అది సొంత మనిషే. కాబట్టి బ్రౌజరు కాపాడుతుందని టోకెన్ తీసెయ్యకూడదు. ఇంకో మాట: ఓవాస్ప్ అనే సంస్థ వెబ్ ప్రమాదాల్లో పది పెద్దవాటి జాబితా వేస్తుంది. అందులో సీఎస్‌ఆర్‌ఎఫ్ 2007లో అయిదో స్థానం, 2013లో ఎనిమిదో స్థానం. 2017లో జాబితాలోనే లేదు. జాంగో, రైల్స్ లాంటి వెబ్‌సైట్లు కట్టే పనిముట్లు పుట్టుకతోనే టోకెన్ అడగడం మొదలుపెట్టాక నూటికి అయిదు సైట్లలోనే దొరుకుతోందని చెప్పారు. జాంగో 2010లో 1.2 వెర్షను నుంచీ అడిగే అలవాటు ఇంటి రూలుగా పెట్టింది. ఆ అయిదులో మీ హాస్టల్ మెస్ ఒకటి కాకూడదని నా తాపత్రయం.

రేవులో కూడా ఇప్పుడు కుర్రాడి చంకలో కట్టలు తగ్గిపోయాయి. 2018 డిసెంబరులో ఇండియన్ పోర్ట్స్ అసోసియేషన్ పీసీఎస్ 1ఎక్స్ అనే వ్యవస్థ తెచ్చింది, రేవులూ, షిప్పింగ్ కంపెనీలూ, ఏజెంట్లూ ఒకేచోట తెర మీదే కాగితాలు ఇచ్చిపుచ్చుకోవడానికి. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం కడతామని ప్రకటించింది. ఎంత పెద్ద కట్టడం లేచినా లోపలికి పోయే దారి మళ్లీ ఒక ఫారమే. ఆ ఫారాలు రాసేది మీలాంటి పిల్లలే. రుషికొండ మీద ఐటీ కొలువులో చేరాక కూడా ఆ ఎగ్జెంప్ట్ ముక్క చెయ్యి జారి వస్తుంది, అలవాటైతే.

సరే, కోడు రాయనివాళ్లు ఏం చేయాలని అడుగుతారు మన చదువరులు. బ్యాంకు పని అయ్యాక లాగౌట్ కావడం, సైటు నడిపేవాళ్లయితే నిర్వాహకుడి పనులకు వేరే బ్రౌజరు పెట్టుకుని దాంట్లో వార్తలూ వీడియోలూ చూడకుండా ఉండడం, అప్‌డేట్ వచ్చినప్పుడు రేపు చూద్దామనకుండా వేసుకోవడం. ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనిది ఇంట్లో మెరిసే ఆ వైఫై డబ్బా, అంటే రౌటరు.

ఆ డబ్బాకు సొంత పేజీ ఉంటుంది, 192.168.1.1 అనో, అలాంటిదో. బయటివాడు దాన్ని నేరుగా చేరలేడు. నీ బ్రౌజరు చేరగలదు. 2008 జనవరిలో మెక్సికోలో జనానికి గ్రీటింగ్ కార్డు వచ్చినట్టు ఈమెయిలు పంపారు. అందులో బొమ్మలున్నాయి, వాటి చిరునామాలు ఆ ఇంటి రౌటరుకిచ్చే ఆజ్ఞలు. తెరిచినవాళ్ల రౌటర్లలో ఒక బ్యాంకు పేరుకు దొంగ చిరునామా నమోదైపోయింది. ఆ తర్వాత బ్యాంకు పేరు అక్షరం పొల్లుపోకుండా టైపు చేసినా వెళ్లేది దొంగ పేజీకే. ఏడాది ముందే పరిశోధకులు ఇలా జరగొచ్చని కాగితం మీద చూపించారు. అప్పుడు ఎవరికీ తొందర పుట్టలేదు.

మా అబ్బాయి స్టీల్ ప్లాంటులో పని. ఉక్కునగరంలో ఉంటాడు. వాళ్లింటి రౌటరు పేజీ నేను తెరిపించి చూశాను, పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే, కొన్ననాటి నుంచీ. వెంటనే మార్చమన్నాను. ‘గోదావరి’ అని పెట్టాడు, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పేరు, గుర్తుంటుందని. అది కూడా మార్పించాను. మీరూ ఈ పూటే మార్చుకోండి గానీ, కృష్ణ, అన్నపూర్ణ మాత్రం పెట్టకండి. మిగతా రెండు ఫర్నేసుల పేర్లూ ఉక్కునగరంలో పాలు పోసే అబ్బాయినడిగినా చెప్తాడు.